చలికాలం క్లబ్ రైడ్: బెంగళూరు నుంచి లేపాక్షికి పొగమంచులో చిక్కుకోకుండా వెళ్లి రావడం ఎలా

నవంబరు చివరికి వచ్చేసరికి బెంగళూరులో తెలుగువాళ్ల బైక్ గ్రూపులన్నిట్లో అవే ప్రశ్నలు తిరుగుతుంటాయి. ఎన్నింటికి బయలుదేరాలి? వైజర్ (హెల్మెట్ ముందు అద్దం) మీద ఆవిరి పట్టకుండా ఏం చేయాలి? పొద్దున్నే సెల్ఫ్ స్టార్ట్ ఎందుకు మొరాయిస్తోంది? రైడ్ లేని వారాంతంలో అందరం కలిసి ఏం చేద్దాం? వీటికి ఒక్కచోట జవాబులు రాశాం. ఉదాహరణకి లేపాక్షి రైడ్ తీసుకున్నాం. రానూపోనూ 240 కిలోమీటర్లకు అటూ ఇటూ, రోడ్డు బాగుంటుంది, కొత్తగా చేరినవాళ్లు కూడా తట్టుకోగలరు.

బెంగళూరులో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. మామూలు డిసెంబరు తెల్లవారుజామున 15, 16 ఉంటుంది. అంటే చలిని బట్టలతో ఆపొచ్చు. మనుషుల్ని ఆసుపత్రిపాలు చేసేది నాలుగున్నరకే బయలుదేరే అలవాటు. ఎండాకాలంలో అది మంచి అలవాటే. చలికాలంలో మాత్రం చీకటి, పొగమంచు, నిద్రమత్తులో ఉన్న లారీ డ్రైవర్లు, ముందురోజు రాత్రి సరిగా నిద్రపోని మీరు, అన్నీ ఒకే గంటలో ఒకే రోడ్డు మీద కలుస్తాయి. ఈ కాలంలో ఆలస్యంగా బయలుదేరడమే తెలివి.

కావలసినవి

బండికి: గాలి కొలిచే గేజ్, మల్టీమీటర్ (క్లబ్ మొత్తానికి ఒకటి చాలు), చైన్ క్లీనర్ లేదా కిరోసిన్, చైన్ లూబ్, ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్, చిన్న ఎయిర్ పంపు, జంపర్ వైర్లు.

మనిషికి: ఐఎస్ఐ మార్కున్న ఫుల్‌ఫేస్ హెల్మెట్ (వెనక కూర్చునేవాళ్లకీ), రంగులేని వైజర్, లోపల థర్మల్, గాలి చొరబడని పై జాకెట్, పూర్తి వేళ్ల గ్లవ్స్, మెడకు బఫ్ (గొట్టంలా తొడుక్కునే బట్ట), రేడియం పట్టీలున్న వెస్ట్. మఫ్లర్, శాలువా, చున్నీ వద్దు. కొస జారి చైన్‌లోనో వెనక చక్రంలోనో పడితే మెడకే ఉరి.

గ్రూపుకు: ఫస్ట్ ఎయిడ్ బాక్స్, అందరి బ్లడ్ గ్రూపు, ఇంటి నంబర్లు రాసిన కాగితం (ఫోన్ పగిలినా కాగితం ఉంటుంది), లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ పత్రాలు డిజిలాకర్‌లో.

1. ముందురోజు శనివారం సాయంత్రం అందరూ కలవండి

చలికాలంలో క్లబ్ చేయగల మంచి పనుల్లో మొదటిది ఈ గ్యారేజ్ సాయంత్రం. ఎవరింటి సెల్లార్‌లోనో నాలుగింటికి కలిస్తే ఆరున్నరకల్లా పది బండ్లు చూసేయొచ్చు. పని వరస ఇది: గాలి, చైన్, బ్రేకులు, లైట్లు, చివర్న బ్యాటరీ.

గాలి: బండి వచ్చి కనీసం రెండు గంటలు ఆగాక, టైరు చల్లారాకే కొలవాలి. మధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చి వేడి టైర్‌లో బంకు దగ్గర లెక్క సరిచూసుకుంటే మర్నాడు పొద్దున 3, 4 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తక్కువ చూపిస్తుంది. బయట వేడి 5, 6 డిగ్రీలు తగ్గినప్పుడల్లా టైర్‌లో దాదాపు 1 పీఎస్ఐ పడిపోతుంది, పైగా రోడ్డు మీద ఎక్కిన వేడి కూడా దిగిపోతుంది. ఎంత కొట్టాలన్నది చైన్ కవర్ మీదో, స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీ) మీదో స్టిక్కర్‌లో ఉంటుంది. వెనక మనిషి ఉంటే వేరే లెక్క, అదీ అక్కడే రాసుంటుంది. గ్రిప్ పెరుగుతుందని గాలి తగ్గించేవాళ్లున్నారు. ఆ పని చేయకండి, మలుపుల్లో బండి ఊగుతుంది.

చైన్: ఇంజిన్ ఆపేసి, గేర్ న్యూట్రల్‌లో పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ తుడవండి. ఇంజిన్ ఆన్ చేసి గేర్‌లో పెట్టి గుడ్డ పట్టుకునేవాళ్ల వేళ్లు చైన్‌కీ స్ప్రాకెట్‌కీ మధ్య పోతాయి. తొందరగా అవుతుందని ఎవరైనా మొదలుపెడితే అక్కడే ఆపేయండి. లూబ్ రాత్రే కొట్టాలి. పొద్దున కొట్టి బయలుదేరితే అది టైరు మీద, వెనకవాళ్ల ప్యాంటు మీద పడుతుంది.

లైట్లు: బండిని గోడ దగ్గర వెనక్కి నిలబెట్టి ముందు బ్రేకు, వెనక బ్రేకు విడివిడిగా నొక్కండి. గోడ మీద ఎరుపు రెండుసార్లూ పెరగాలి. ఒకదానికే పెరిగితే రెండోదాని స్విచ్ పోయినట్టు. పొగమంచులో మీ వెనకొచ్చేవాడికి కనిపించేది ఆ దీపం ఒక్కటే.

2. బ్యాటరీకి పది నిమిషాలు ఎక్కువ కేటాయించండి

"రాత్రి బాగానే ఉంది, పొద్దున టక్ టక్ అని ఊరుకుంది" అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం బ్యాటరీవే. చలికి బ్యాటరీ ఇచ్చే కరెంటు తగ్గుతుంది, అదే చలికి ఇంజిన్ ఆయిల్ చిక్కబడి తిప్పడానికి ఎక్కువ కరెంటు కావాలి. సగం ముసలైన బ్యాటరీ అక్కడ దొరికిపోతుంది.

మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీసుకోండి.

బండి ఆపి కొన్ని గంటలైనాక: 12.6 వోల్టులుంటే నిండుగా ఉంది. 12.4 అయితే పర్లేదు. 12.2 కన్నా తక్కువైతే రాత్రికి చార్జింగ్ పెట్టాల్సిందే.

సెల్ఫ్ నొక్కినప్పుడు: 10కి కాస్త అటూ ఇటూ ఆగాలి. 9.6 కన్నా కిందికి జారితే చార్జ్ చేసినా లాభం లేదు, బ్యాటరీ మార్చండి.

ఇంజిన్ నడుస్తూ కాస్త యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు: 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. అక్కడికి చేరకపోతే బ్యాటరీ తప్పు కాదు, చార్జింగ్ వైపు లోపం. కొత్త బ్యాటరీ కొని డబ్బులు పోసుకునే ముందు ఇది చూడండి.

పొద్దున స్టార్ట్ కాకపోతే రెండో గేర్‌లో తోసి చూడొచ్చు. అయితే ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి పెట్రోలు పంపు తిరగడానికైనా కరెంటు కావాలి. డిస్‌ప్లే కూడా వెలగనంతగా బ్యాటరీ చచ్చిపోతే వీధంతా తోసినా లాభం లేదు. ఇంకో బైకు బ్యాటరీ నుంచి వైర్లు వేయండి, ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్. ఇంజిన్ నడుస్తున్న కారు నుంచి మాత్రం వేయొద్దు.

స్టార్ట్ అయ్యాక గట్టిగా రేజ్ చేయడం చాలామందికి సరదా. ఆయిల్ ఇంకా పైదాకా చేరలేదు, అరిగేది మీ ఇంజినే, తిట్టుకునేది పక్కింటివాళ్లు. ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి, మొదటి ఐదు కిలోమీటర్లు మెల్లగా నడపండి. కార్బురేటర్ బండ్లవాళ్లు చోక్ వెనక్కి నెట్టడం మర్చిపోతుంటారు. దారిలో పెట్రోలు వాసన, ఇంజిన్ మిస్సింగ్ వస్తే ముందు అదే చూసుకోండి.

3. అదే సాయంత్రం పితికిపప్పు

పితికిపప్పు అంటే నానబెట్టి తొక్క పితికి తీసిన అనపగింజల వంట. గాలి పంపు ఒకటి, బండ్లు పది. వంతు కోసం కూర్చున్నవాళ్ల చేతులకి పని కావాలి. డిసెంబరు, జనవరి అంటే అనపకాయల కాలం, బెంగళూరులో అవరెకాయ మేళా జరిగేదీ ఈ రోజుల్లోనే. పదిహేను మందికి కిలోన్నర వలిచిన గింజలు తెచ్చి శుక్రవారం రాత్రే నానబెట్టండి. ఎనిమిది గంటలు చాలు. ఉదయం నీళ్లు మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి, బయట వదిలేస్తే సాయంత్రానికి పులిసిన వాసన వస్తుంది. గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే తొక్క చేతిలో ఉండి పప్పు గిన్నెలోకి దూకాలి. దూకకపోతే ఇంకో గంట నానాలి. రాగి సంగటికి తలకు 100 గ్రాముల పిండి లెక్క వేసుకోండి. చైన్ తుడిచిన చేతులతో గింజల గిన్నె దగ్గరికి ఎవర్నీ రానివ్వకండి, సబ్బుతో కడిగామన్నా సరే.

ఈ భోజనం రైడ్ రోజు పెట్టుకోకపోవడానికి కారణం ఉంది. సంగటి కడుపు నిండా తిని హైవే ఎక్కితే అరగంటలో కళ్లు వాలతాయి.

4. వైజర్ సిద్ధం చేయండి

లోపలివైపు కడిగి, తడి ఆరాక గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేలితో అంతటా పల్చగా రాయండి. ఐదు నిమిషాలు ఆరనిచ్చి, మెత్తటి బట్టతో గీతలు పోయేదాకా తుడవండి. కడగకూడదు, తుడవాలి. కంటికి కనపడని పొర మిగలాలి. ఇది ఒకటి రెండు రోజులు పనిచేస్తుంది. పరీక్ష తేలిక: వైజర్ దగ్గర నోరు పెట్టి "హా" అని ఊదండి. తెల్లగా మారిందంటే ఆ చోట పొర లేదు, మళ్లీ రాయండి.

పిన్‌లాక్ షీటు (ఆవిరి పట్టకుండా లోపల బిగించే పల్చటి పొర) ఉన్న వైజర్‌కి ఈ తంటా లేదు. అద్దాలు తుడిచే స్ప్రే మాత్రం దాని మీద కొట్టొద్దు, మసకబారుతుంది.

కళ్లజోడు ఉన్నవాళ్లు చేసే తప్పు ఒకటుంది. చలి అని బఫ్‌ను ముక్కు మీదికి లాక్కుంటారు. ఊపిరంతా పైకి తన్ని ముందు కళ్లద్దాలు, తర్వాత వైజర్ మసకేస్తాయి. బఫ్ ముక్కు కిందే ఆగాలి. సిగ్నల్ దగ్గర వైజర్‌ను ఒక నొక్కు పైకి తెరిచి ఉంచండి. నల్ల వైజర్ ఉదయం రైడ్‌కి వద్దు, వెనక్కి వచ్చేటప్పుడు ఎండకి కావాలంటే సంచిలో పెట్టుకోండి.

5. బట్టలు: తీసేయడానికి వీలుగా వేసుకోండి

10 డిగ్రీల గాలిలో 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఒంటికి 4 డిగ్రీల్లా తగులుతుంది. బెంగళూరులో చాలామంది జాకెట్ మెష్‌ది (జాలీ బట్టది), ఎండ కోసం కొన్నది. దాని కింద రెండు స్వెటర్లు వేసినా గాలి దూరిపోతుంది. స్వెటర్ కన్నా మెష్ మీద పల్చటి రెయిన్ జాకెట్ ఒక్కటి నయం. డిసెంబరులో తుపాను వానలు మనదాకా రావడం మామూలే కాబట్టి అది ఎలాగూ సంచిలో ఉండాలి. రెయిన్ జాకెట్ వేశాక కింది జాకెట్ రేడియం పట్టీలు కనపడవు. అందుకే వెస్ట్ అన్నిటికన్నా పైన.

పదింటికి ఎండ ఎక్కుతుంది, పొరలు విప్పుతారు. విప్పినవి సంచిలోకే పోవాలి. సీటు మీద బంగీ తాడుతో కట్టిన జాకెట్ జారి వెనక చక్రానికి చుట్టుకుంటుంది.

చేతుల కోసం పరీక్ష: టీకి ఆగినప్పుడు గ్లవ్స్ తీసి బొటనవేలితో చిటికెన వేలి కొసను తాకండి, రెండు చేతులతోనూ. తడబడితే ఆ వేళ్లు బ్రేకు లివర్ మీద కూడా తడబడతాయి. మామూలయ్యేదాకా ఎక్కొద్దు. గ్లవ్స్‌తో వేడి ఇంజిన్‌ని పట్టుకుంటే అరచేతి దగ్గర కరిగి అంటుకుంటాయి, చంకల్లో పెట్టుకోండి చాలు. బ్రాందీ ఒక పెగ్గు వేస్తే వేడి పుడుతుందన్న మాట నమ్మకండి. చర్మం వేడెక్కినట్టు అనిపిస్తూ లోపలి వేడి బయటికి పోతుంది. రైడ్ రోజు మందు లేదనేది క్లబ్ నియమంగా రాసిపెట్టుకోండి.

6. దారి, సమయం

డిసెంబరు చివర సూర్యోదయం 6:40 ప్రాంతంలో, జనవరి మధ్యలో 6:45 దాటాక. దాన్ని బట్టి ఇలా వేసుకోండి:

7:00 సాదహళ్లి టోల్ దాటాక బంకు దగ్గర కలవడం, పది నిమిషాల బ్రీఫింగ్.
8:00 చిక్కబళ్లాపురంలో టిఫిన్. 8:45 దాకా కదలకండి.
9:45 బాగేపల్లి దాటి కొడికొండ చెక్‌పోస్టు, అక్కడ లేపాక్షి వైపు మలుపు.
10:15 లేపాక్షి.
1:30 తిరుగు ప్రయాణం. ఐదున్నరకల్లా ఇళ్లకు.

దేవనహళ్లికీ చిక్కబళ్లాపురానికీ మధ్య, నంది కొండల పక్కన పొగమంచు దట్టంగా పడుతుంది. టిఫిన్ దాకా మెల్లగా, ఒకే వరసలో వెళ్లండి. టిఫిన్ దగ్గర ఎక్కువసేపు కూర్చోమనేది రుచి కోసం కాదు, ముందున్న దారి కోసం; ఎనిమిదిన్నరకి పొగమంచు చాలావరకు విచ్చుకుంటుంది.

ఉత్తరం వైపు దారి ఎంచుకోవడానికి ఇంకో లాభం ఉంది. శీతాకాలంలో సూర్యుడు ఆగ్నేయం వైపు జరిగి ఉదయిస్తాడు. హోసూరు రోడ్డులో పొద్దున వెళ్తే నేరుగా కళ్లలోకే. కోలారు, ముళబాగిలు వైపు వెళ్తే పొద్దునా, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడూ రెండుసార్లూ ఎదురెండే. మనం లేపాక్షికి వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఎండ పక్కనుంచి వస్తుంది. కోలారు వైపే వెళ్లాలనుకుంటే ఎనిమిదిన్నర తర్వాత బయలుదేరి, మూడింటికల్లా ఊళ్లోకి వచ్చేయండి.

డిసెంబరు 31 రాత్రి, జనవరి 1 తెల్లవారుజాము రైడ్ పెట్టకండి. ఆ రాత్రి నగరంలో ఫ్లైఓవర్లు చాలావరకు మూసేస్తారు, తెల్లారేసరికి తాగి ఇళ్లకెళ్లే కార్లు హైవే మీదే ఉంటాయి. అయ్యప్ప సీజన్‌లో రాత్రంతా నడిపిన వ్యాన్లు కూడా ఉదయం ఆరు, ఏడు మధ్యే ఊరు చేరుతుంటాయి. వాటి పక్కన నడపకుండా దాటించి వదిలేయండి.

7. గుంపుగా నడపడం

ఒక బ్యాచ్‌కి ఆరు నుంచి ఎనిమిది బండ్లు. అంతకన్నా ఎక్కువైతే రెండు బ్యాచ్‌లు, మధ్య ఐదు నిమిషాలు. ముందు లీడ్, అతని వెనకే అందరికన్నా కొత్తవాళ్లు, చివర్న పంక్చర్ కిట్, ఫస్ట్ ఎయిడ్‌తో స్వీప్. కొత్తవాళ్లను చివర్లో పెడితే ముందువాళ్లను అందుకోవాలని తెలియకుండానే వేగం పెంచేస్తారు. రోడ్డు బాగా కనిపిస్తున్నప్పుడు ఎడమ, కుడి మార్చి మార్చి, ముందు బండికి రెండు సెకన్ల దూరం. పొగమంచులో, మలుపుల్లో ఒకే వరస, నాలుగు సెకన్లు.

పొగమంచులో ఎంత వేగం అన్నదానికి లెక్క ఉంది. మీరు ప్రమాదాన్ని చూసి బ్రేకు వేసేసరికే ఒకటిన్నర సెకను పోతుంది. అది కలుపుకుని పొడి రోడ్డు మీద బండి ఆగడానికి కావలసిన దూరం సుమారుగా ఇది:

40 కి.మీ. వేగంలో 27 మీటర్లు.
60లో 48 మీటర్లు.
80లో 74 మీటర్లు.

మంచుతో తడిసిన రోడ్డు మీద ఇంకా ఎక్కువ. మరి ఎంత దూరం కనిపిస్తోందో తెలిసేదెలా? 40లో నడుపుతూ, ఎదురుగా ఒక స్తంభం కనపడగానే లెక్కపెట్టడం మొదలుపెట్టండి: వెయ్యిన్నొకటి, వెయ్యిన్ని రెండు... స్తంభాన్ని చేరేలోపు నాలుగు కూడా రాకపోతే కనిపించేది 45 మీటర్ల లోపే. ఇక నడపొద్దు. బంకులోకో హోటల్ ముందుకో పూర్తిగా లోపలికి వెళ్లి ఆగండి. రోడ్డు పక్క తెల్లగీత అవతల ఆగడం అన్నిటికన్నా చెడ్డ ఆలోచన. ఆగిన బండి వెనక దీపాన్ని చూసి అది నడుస్తోందనుకుని లారీ మీదికి వస్తుంది.

హెడ్‌లైట్ లో బీమ్‌లోనే ఉంచండి, హై బీమ్ పెడితే మంచు మీద పడి తెల్లటి గోడ లేస్తుంది. హజార్డ్ దీపాలు (అన్ని ఇండికేటర్లూ ఒకేసారి మెరిసేవి) నడుస్తుండగా వద్దు, మీరు ఎటు తిరుగుతున్నారో ఎవరికీ తెలియదు. లారీ వెనక ఎర్రదీపం పట్టుకుని పోదామనుకోకండి. అతను రోడ్డు దిగితే మీరూ దిగుతారు.

టోల్ దగ్గర సందులో ఆయిల్ చుక్కలు, రాత్రి మంచు కలిసి జారుతుంది. అక్కడ ముందు బ్రేకు గట్టిగా పట్టొద్దు.

కొడికొండ దాటాక రోడ్డు చిన్నది. ఈ కాలంలో పల్లెల దగ్గర రాగి మోపులు, ఉలవ కంప రోడ్డు మీద పరిచి ఉంటాయి, బండ్లు తొక్కితే గింజ రాలుతుందని. అది రైతు ఏడాది కష్టం, హారన్ కొట్టి లాభం లేదు. ముందే వేగం తగ్గించి, నిటారుగా, బ్రేకు ముట్టుకోకుండా, తిప్పకుండా దాటండి. దాని మీద బండి ఆపితే వేడి సైలెన్సర్‌కి ఎండు గడ్డి అంటుకోవచ్చు. దాటాక పక్కన ఆగి చైన్, వెనక ఇరుసు దగ్గర చుట్టుకున్న తీగల్ని ఇంజిన్ ఆపి లాగేయండి.

లేపాక్షిలో వీరభద్రాలయం, ఏకశిలా నంది రెండూ చూడాలంటే గంటన్నర పడుతుంది. హెల్మెట్లు, సంచుల దగ్గర ఇద్దరిద్దరు వంతులేసుకోండి. చలిలో దాహం తెలియదు గానీ నీళ్లు తాగించడం లీడ్ పని.

ఎవరైనా పడితే ముందు ఒకరు వెనక్కి వెళ్లి వచ్చే వాహనాల్ని ఆపాలి. తర్వాత 108. జాతీయ రహదారి మీదైతే 1033 కూడా. ఊపిరి ఆడుతున్నంతవరకు హెల్మెట్ తీయొద్దు.

8. రైడ్ లేని వారాంతాలకు

దుప్పట్ల పంపిణీ అన్ని క్లబ్బులూ చేస్తాయి, సగం క్లబ్బులు తప్పు చోట చేస్తాయి. కిద్వాయ్, నిమ్హాన్స్ లాంటి ఆసుపత్రుల బయట అనంతపురం, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన రోగుల బంధువులు పడుకుంటారు. తెలుగులో పలకరించేవాళ్లు రావడమే వాళ్లకి ఊరట. ముందు సెక్యూరిటీవాళ్లతో మాట్లాడండి. దుప్పట్లు బైకుల మీద ఎత్తుగా కట్టకుండా ఒక కారులో వేయండి. పడుకున్నవాళ్లని లేపి ఫొటోలు తీయకండి.

రక్తదానం పెడితే ఆ రోజు రైడ్ ఉండకూడదు, ఇచ్చినవాళ్లు ఇంటికి కూడా వేరేవాళ్ల బండి మీదో ఆటోలోనో వెళ్లాలి. మగవాళ్లకి మూడు నెలలు, ఆడవాళ్లకి నాలుగు నెలలు ఎడం ఉందో లేదో ముందే అడగండి.

చలిమంట వేయాలనుకుంటే సొంత స్థలంలో, ఎండు గడ్డి లేని నేల మీద, రెండు బకెట్ల నీళ్లు పెట్టుకుని. కొండల దగ్గర అడవి హద్దుల్లో వద్దేవద్దు. బండ్లు పది మీటర్ల అవతల. రైడింగ్ జాకెట్ విప్పి కూర్చోండి, సింథటిక్ బట్ట మీద నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది.

9. తిరిగొచ్చాక

ఇల్లు చేరగానే అందరూ గ్రూపులో పేరు పెట్టాలి. లీడ్ తన కాగితంలో టిక్ వేసుకుంటాడు. అనుకున్న వేళ దాటి ముప్పావుగంటైనా పేరు రానివాళ్లకి ముందు ఫోన్, ఎత్తకపోతే స్వీప్‌కి, ఆ తర్వాతే ఇంటికి. ఇంట్లోవాళ్లని ముందే కంగారు పెట్టొద్దు.

మర్నాడు చైన్‌లో గడ్డి మిగిలిందేమో, టైర్‌లో ముల్లు దిగిందేమో చూసి, చల్లటి టైర్‌లో గాలి మళ్లీ కొలవండి. శనివారం పెట్టినదానికన్నా 2 పీఎస్ఐ పైగా తగ్గి ఉంటే సన్న పంక్చర్. టైరు మీద సబ్బునీళ్లు పోస్తే బుడగలు ఎక్కడొస్తాయో అక్కడే ఉంటుంది.